నాగరత్నమ్మకు నేనిచ్చిన గ్యారంటీ

ఎమ్మిగనూరు క్లినిక్ నుంచి ఆదోని నర్సింగ్ హోమ్‌కు నన్ను హెడ్ నర్సుగా మార్చింది పన్నెండేళ్ల కిందట, బడులు తెరిచే వారంలో. రెండూ ఒకే డాక్టరమ్మవి. ఎమ్మిగనూరులో వారానికి రెండు రోజులు ఓ.పి. మాత్రమే, అంటే రోగిని చూసి మందులు రాసి పంపడం. కాన్పులు, ఆపరేషన్లు అన్నీ ఆదోనిలోనే. హెడ్ నర్సు కింద ఆరుగురు స్టాఫ్ నర్సులు, నలుగురు ఆయాలు ఉండేవాళ్లు. డ్యూటీలు వేయడం, ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయించడం, కేస్ షీట్లు సరిచూడటం నా పని.

కాగితం మీద లేని పని ఇంకొకటి ఉండేది. మా డాక్టరమ్మది కృష్ణా జిల్లా. ఆమె చెప్పేది ఆలూరు, ఆస్పరి పక్కల నుంచి వచ్చే ఆడవాళ్లకు సగం అర్థమయ్యేది, మిగతా సగానికి మర్యాద కోసం తలూపేవాళ్లు. అందుకని ఆమె గదిలో చెప్పిన ప్రతి మాటనూ బయటికొచ్చాక నేను మా భాషలో మళ్ళీ చెప్పాలి. నాది నందవరం. మన సిస్టరమ్మ చెప్తే చిన్నపిల్లకైనా తెలుస్తుందని నాకు పేరు. పేరొస్తే నోరు కాస్త ఎక్కువవుతుంది. నాకూ ఎక్కువైంది, కాదనను.

ఆ ఏడు వానాకాలంలో నాగరత్నమ్మను వాళ్ల అత్త కామాక్షమ్మ తీసుకొచ్చింది. ఆదోనిలో పత్తి, వేరుశనగ వ్యాపారం చేసే ఉమ్మడి కుటుంబం వాళ్లది. ముగ్గురు కోడళ్లలో నాగరత్నమ్మ నడిపిది. పుట్టిల్లు ఎమ్మిగనూరు, అప్పటికి నలభై ఒక్క ఏళ్లు. ఇద్దరు పిల్లలు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంది. మూడేళ్లుగా ముట్టు వస్తే పది రోజులు ఆగేది కాదు. ఒంట్లో రక్తం ఏడు గ్రాములకు పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. కనురెప్ప కిందికి లాగి చూస్తే గోడకు కొట్టిన సున్నంలా తెల్లగా ఉంది.

కామాక్షమ్మ అప్పటికే తీర్మానం చేసుకొని వచ్చింది.

"పిల్లోల్లు అయిపాయిరి. ఇంగ ఆ సంచి పెట్టుకొని ఏం జేస్తాది? తీపిచ్చేస్తే ఒగేతూరి పీడ పోతాది. మా వీధిలో నలుగురు బళ్లారికి పోయి తీపిచ్చుకొని వచ్చినారు," అంది.

గర్భసంచిని పుచ్చుపన్నులా తీయించేసుకోవడం మా పక్క అప్పటికే ఎక్కువైపోయింది. డాక్టరమ్మకు అది చూస్తే ఒళ్లు మండేది. తీయాల్సిన రోగం ఉంటే తానే తీసేది, లేకపోతే లేదు. నాగరత్నమ్మకు స్కాన్ చేయించి, లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపించి, గడ్డలు గానీ చెడ్డ రోగం గానీ లేవని తేలాక అబ్లేషన్ చేద్దామంది.

అదేమిటో చెప్తాను. గర్భసంచి లోపలి గోడకు ఒక పొర ఉంటుంది. నెలనెలా ఊడి రక్తంతో బయటికొచ్చేది అదే. సంచిని తీయకుండా ఆ పొరను మాత్రం కాల్చేస్తారు. ఖాళీ బెలూన్‌ను లోపలికి పంపి, ద్రవంతో నింపి, వేడి చేసి, ఎనిమిది నిమిషాలు ఉంచుతారు. కోత లేదు, కుట్లు లేవు. యంత్రం మాకు సొంతంగా లేదు. బళ్లారి నుంచి ఒకాయన పెట్టెలో పెట్టుకొని బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకొని తెచ్చేవాడు.

అత్తాకోడళ్లను కూర్చోబెట్టి డాక్టరమ్మ మూడు సంగతులు చెప్పింది. చాలామందికి రక్తం పోవడం బాగా తగ్గుతుంది. కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. కొందరికి కొన్నేళ్ల తర్వాత మళ్ళీ మొదలు కావచ్చు, మొదలైతే వెంటనే వచ్చి చూపించుకోవాలి. ఈ మూడూ అంగీకార పత్రంలో ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. కింద రోగి సంతకం, పక్కన సాక్షి సంతకం. సాక్షిని నేనే.

బయటికొచ్చాక కామాక్షమ్మ మళ్ళీ బళ్లారి పాటే ఎత్తుకుంది. డాక్టరమ్మ చెప్పిన "రావచ్చు, పోవచ్చు" ఆమెకు నచ్చలేదు. ఇంకాసేపు మాట్లాడితే కోడల్ని లేవదీసుకొని పోయేలా ఉంది. నాకు పట్టుదల వచ్చింది.

"అమ్మా, ఒక్క దినంలో ఇంటికి పంపిస్తాం. ఇంగ ఈ జన్మలో నీ కోడలికి ముట్టు అనేదే రాదు. నాది గ్యారంటీ!" అన్నాను.

మూడు మాటల్లో నడిమిది ఉంచుకొని మిగతా రెండూ మింగేశాను. అబద్ధం చెప్తున్నానని అప్పుడు అనిపించలేదు. మంచి పని జరగడానికి నాలుగు మాటలు గట్టిగా చెప్తున్నానని అనుకున్నాను.

అబ్లేషన్ బాగా జరిగింది. మూడు వారాలు నీళ్లలాగా పోయి ఆగింది. ఆ తర్వాత చుక్క లేదు. ఆర్నెల్లకు రక్తం పదకొండు గ్రాములకు చేరింది. ఏడాది తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు కామాక్షమ్మ నా చేయి పట్టుకొని, "నీ నోరు మంచిదమ్మా సిస్టరూ," అంది. నేను ఉబ్బిపోయాను. నాగరత్నమ్మ నవ్వింది, అంతే. ఆ నవ్వును నేను మరికాస్త సేపు చూసి ఉండాల్సింది.

నాలుగేళ్లు గడిచాయి. మే నెలలో ఒక సోమవారం, ఓ.పి. కిటకిటలాడుతున్న వేళ, కామాక్షమ్మ కోడల్ని ముందు నడిపించుకుంటూ వచ్చింది. చీటీ రాయించుకోలేదు, నేరుగా నా బల్ల దగ్గరికే.

"ఏమమ్మా సిస్టరూ, రాదంటివి కదా! ఇదేమో వచ్చిందంటాది. నువ్వే అడుగు దీన్ని!"

వాళ్లింటి సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆ ఇంట్లో ముట్టయిన ఆడది మూడు రోజులు పెరటి గదిలో ఉండాలి. చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. వంటింట్లోకి, దేవుడి గదిలోకి అడుగు పెట్టకూడదు. నాలుగో రోజు తలకు పోసుకొని లోపలికి రావాలి. ఈ ఆచారం నాకు గిట్టదు. హాస్టల్లో అడుగుపెట్టిన రోజే నేను వదిలేశాను. వార్డులో ఎవరైనా అలా ముడుచుకొని కూర్చుంటే తిట్టి మంచమెక్కించేదాన్ని. నాగరత్నమ్మకు ఆ గది తప్పించానని కూడా లోపల్లోపల గర్వంగానే ఉండేది.

ఆ ఇంట్లో పదహారు మంది. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరు గుమాస్తాలు అదనం. ముగ్గురు కోడళ్లూ వంతులేసుకొని వండేవాళ్లు. నాగరత్నమ్మకు ముట్టు ఆగిపోయాక వంతులు పోయాయి. పెద్ద కోడలు గదిలో ఉంటే వంట నాగరత్నమ్మది. చిన్న కోడలు ఉంటే నాగరత్నమ్మది. "నీకేం, రోజూ మడేగా," అని పూజ సామాను తోమడం, నైవేద్యం వండడం, ఊరగాయలు పెట్టడం అన్నీ ఆమె మీదే పడ్డాయి. నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. అలాంటి మనిషి మామిడికాయలు కోసి ఉప్పులో వేసే రోజు పొద్దున్నే వచ్చి "అత్తా, నేను బయట ఉండా" అంటే ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు?

"పని ఎగ్గొట్టేకి నాటకం," అంది కామాక్షమ్మ. "ఐదు నెల్ల నుంచి ఇదే పాట. సిస్టరు గ్యారంటీ అనింది, ఎట్లొస్తాదే అని నేనే ఊరుకోబెట్టినా."

నాగరత్నమ్మ నా వైపు చూసింది. ఆ క్షణంలో నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. "యాడ నుంచి వస్తాంది, సరిగ్గా చూసుకున్నావా? మొలలేమో?" అని అడిగాను. నేను కూడా నమ్మలేదన్నమాట. ఆమె తల దించుకొని, "నీకు గూడా అట్లే అనిపిస్తాందా సిస్టరూ," అంది.

డాక్టరమ్మ లోపలికి పిలిచి పరికరంతో చూసింది. గర్భసంచి ముఖద్వారం నుంచే రక్తం వస్తోంది. సందేహమే లేదు. ట్రే పట్టుకొని నేను పక్కనే నిలబడి ఉన్నాను. అబ్లేషన్ తర్వాత కొన్నేళ్లకు రక్తం మళ్ళీ కనబడితే చాలాసార్లు కారణం చిన్నదే. బెలూన్ వేడి మూలలకు సరిగ్గా అందక మిగిలిన పొర మళ్ళీ పెరుగుతుంది. కానీ వయసు నలభై ఐదు, ఐదు నెలల ఆలస్యం, చెడ్డ రోగమైతే అదీ ఇలాగే మొదలవుతుంది. ముక్క తీసి చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఆ ఐదు నెలలు పోవడానికి కారణం నేను.

డాక్టరమ్మ చేతులు కడుక్కొని, రికార్డు గది నుంచి పాత కేస్ షీటు తెప్పించింది. అంగీకార పత్రం తీసి నా చేతికిచ్చింది. "సాక్షి సంతకం మీదే కదా. ఇందులో ఏముందో పెద్దావిడకు మీ భాషలో చదివి వినిపించండి, ఒక్క మాట వదలకుండా," అంది. గొంతు పెంచలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కామాక్షమ్మ ఎదురుగా నిలబడి మూడు సంగతులూ చదివాను. చదివాక, "అమ్మా, డాక్టరమ్మ ఆ దినమే చెప్పింది, మళ్ళీ రావచ్చునని. నేనే మింగేసినా. నీ కోడలు నిజమే చెప్తాంది. తప్పు నాది," అన్నాను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక రోగి ముందు నేనలా అన్నది అదే మొదటిసారి.

ఉన్నట్టుండి కామాక్షమ్మ ముఖం మారిపోయింది. లెక్క తట్టినట్టుంది.

"అంటే... ఐదు నెల్లు ముట్టుతోనే మాకు వండి పెట్టినావా? దేవునికి గూడా?" అంది కోడలితో.

నాగరత్నమ్మ అప్పుడు తలెత్తింది. "సెప్తే నమ్మితివా అత్తా? గదిలోకి పోతే నువ్వే గదా చెయ్యి పట్టుకొని పొయ్యి కాడికి లాక్కొచ్చినావు!"

నేను కాస్త పక్కకు తిరిగాను, ఆ సమయంలో నవ్వు రావడం ఏం పాడు బుద్ధో! కామాక్షమ్మ మాత్రం నవ్వలేదు, అరవలేదు. కుర్చీలో కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ముక్క తీయడం కష్టమైంది. ఒకసారి కాల్చిన గర్భసంచి లోపల గోడలు అంటుకుపోయి ఉంటాయి, గొట్టం సులువుగా పోదు. మత్తిచ్చి, స్కాన్‌లో చూసుకుంటూ డాక్టరమ్మ ముప్పావుగంట తంటాలు పడింది. ముక్కను ఫార్మాలిన్ సీసాలో వేసి, మూతకు ప్లాస్టర్ చుట్టి, పేరు రాసి, కర్నూలు లాబ్‌కు బస్సులో నేనే పంపించాను. ఫలితానికి వారం.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. నాలుగో రోజు కామాక్షమ్మ ఒంటరిగా ఆటోలో వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "నాగకు ఏమీ కాదు గదా సిస్టరూ?" అని అడిగింది. ఈసారి నేను గ్యారంటీ ఇవ్వలేదు. "తెలీదమ్మా. రిపోర్టు రానీ. ఏదైనా గానీ, తొందరగా తెలిస్తే మందుంటాది," అన్నాను. ఆమె తలూపింది. పోతూ పోతూ, "ఇరవై ఏండ్లాయె వచ్చి. నా నోటికి ఎదురు చెప్పింది మొన్ననే," అంది. కోపంగా అందో మెచ్చుకొందో చెప్పలేను.

రిపోర్టు మంచిదే వచ్చింది. చెడ్డ రోగం లేదు. మూలలో మిగిలిన పొర పెరిగింది, అంతే. రక్తం కూడా ఇదివరకటిలా పదేసి రోజులు కాదు, మూడు రోజులు, అదీ కొద్దిగా. ఒంట్లో రక్తం తగ్గలేదు. డాక్టరమ్మ దారులన్నీ చెప్పింది: మాత్రలు వాడొచ్చు, గర్భసంచిలో మందుండే లూప్ వేయడానికి ప్రయత్నించొచ్చు, కావాలంటే సంచే తీసేయొచ్చు. ఇవేవీ వద్దనుకుంటే ఆర్నెల్లకోసారి పరీక్షకు వస్తూ అలాగే ఉండొచ్చు. ఈసారి నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. చెప్పిన దాన్ని నాగరత్నమ్మతో తిరిగి చెప్పించుకున్నాను కూడా.

కామాక్షమ్మ తీయించేద్దామంది. నాగరత్నమ్మ, "వద్దు. ఉండనీ," అంది. అంత గట్టిగా అంటుందని నేననుకోలేదు.

వరండాలో ఆపి ఎందుకని అడిగాను. మెల్లగా చెప్పింది.

"ఆ గదిలో మూడు దినాలు నన్నెవరూ పిలవరు సిస్టరూ. ఎవురో వండింది తింటా. పూసల తోరణాలు అల్లుకుంటా. ఆడ కూర్చుంటేనే నాకు పూసలు పట్టే తీరిక. నువ్వు ఆపిచ్చినాంక, సగం అల్లిన తోరణం నాలుగేండ్లు ఆ గూట్లోనే ఉండిపాయె."

నర్సుకు ఏడాదికి ఇన్నని సీఎల్‌లు ఉంటాయి. ఒక్కటి కోస్తే మేనేజ్‌మెంట్‌తో కొట్లాడేదాన్ని. ఈ మనిషికి ఉన్నవి నెలకు మూడు రోజులే. అది నేను గుర్తించకుండానే ఆమె సెలవులన్నీ రద్దు చేసి, పైగా మంచి నోరని మెప్పు కూడా కొట్టేశాను. ఆ ఆచారం ఇప్పటికీ నాకు గిట్టదు. ఎవరూ ఆ గదిలో కూర్చోకుండా, అందరికీ విశ్రాంతి దొరికే ఇల్లయితే ఎంత బాగుండును! కానీ ఆ ఇల్లు అలాంటిది కాదు, ఆమె బతికేది ఆ ఇంట్లో.

ఆ తర్వాత ఇంట్లో వంతులు మళ్ళీ మొదలయ్యాయని విన్నాను. నాగరత్నమ్మ గదిలో ఉంటే కామాక్షమ్మే కంచం తెచ్చి గడప దగ్గర పెట్టేదట. ఆర్నెల్లకోసారి పరీక్షకు తప్పకుండా తీసుకొచ్చేది. వచ్చినప్పుడల్లా నన్ను చూసి, "గ్యారంటీ సిస్టరూ, బాగుండావా?" అని పలకరించేది. ఓ.పి.లో పదిమందీ నవ్వేవాళ్లు. పడాల్సిందే, పడ్డాను.

డాక్టరమ్మ అనుమతితో అంగీకార పత్రాన్ని మన భాషలో రాయించాను. "మళ్ళీ రావచ్చు" అన్న వాక్యం లావు అక్షరాల్లో ఉంటుంది. రోగితో పాటు ఇంటి పెద్ద కూడా ఆ వాక్యం పక్కనే సంతకమో వేలిముద్రో వేయాలి. కొత్తగా చేరిన నర్సులకు నేను మొదట నేర్పిందీ ఇదే: డాక్టరు మూడు మాటలు చెప్తే మనం మూడూ చెప్పాలి. నచ్చింది ఉంచుకొని మిగతావి మింగితే, ఆ రోగి తన ఒంటి సంగతి తానే చెప్పినా ఇంట్లో నమ్మరు.

నేను రిటైరైన నెలలో నాగరత్నమ్మ ఒంటరిగా వచ్చింది. యాభై ఒకటో ఏడు. పరీక్ష అయ్యాక కేస్ షీటు నేనే తీసుకొని ఆఖరి ముట్టు ఎప్పుడని అడిగాను. "పది నెలలాయె సిస్టరూ. దానంతట అదే నిలిచిపాయె," అంది. మంచిదే, ఏడాది నిండితే ముట్టుడిగినట్టు లెక్క అన్నాను. ఆమె సంచిలోంచి పొట్లం తీసి నాకిచ్చింది. ఎర్ర పూసలు, తెల్ల పూసలు, గుమ్మం పొడుగునా పట్టే తోరణం. "నీకోసమే అల్లినా. ఈ మజ్జనే అయిపాయె," అంది.

తోరణం చేతిలో పట్టుకొని లెక్కేసుకున్నాను. గదిలో కూర్చుంటే తప్ప పూసలు పట్టే తీరిక లేదని వరండాలో చెప్పిన మనిషి ఈమే.

"పది నెల్ల కిందటే నిలిచిపోతే దీన్ని ఎప్పుడల్లినావే?" అన్నాను.

నాగరత్నమ్మ చుట్టూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "నెలనెలా మూడు దినాలు కూర్చుంటానే ఉండా సిస్టరూ. నిలిచిపాయెనని ఇంట్లో ఎవురికీ చెప్పలే. నిజం చెప్పినప్పుడు నమ్మకపోయిరి. ఇప్పుడు ఒక్కరూ అడగరు!"

నేనూ నవ్వాను, కడుపు నొచ్చేదాకా నవ్వాను. తర్వాత తలుపేసి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి హెడ్ నర్సుగా చెప్పాల్సింది చెప్పాను. ఇంట్లో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. ఏడాది నిండాక మాత్రం ఒక్క చుక్క కనబడినా అది ముట్టు కాదు, రోగం కావచ్చు. ఆ గదిలో కూర్చుంటే నీకు రోగమని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు పూసలు పక్కన పెట్టి నేరుగా ఇక్కడికి రావాలి, ఇక్కడ నిజం చెప్పాలి. నమ్మేదానికి మేముంటాం. చెప్పిన దాన్ని తిరిగి చెప్పించుకున్నాను. తప్పు లేకుండా చెప్పింది.

తోరణం మా గుమ్మానికి వేలాడుతోంది. ఆమె కేస్ షీటులో చివరి ముట్టు తేదీ రాయాల్సిన గడిలో నిజమైన తేదీయే రాసి సంతకం పెట్టాను. ఆ ఇంట్లో ఏ తేదీ నడుస్తోందో రాయడానికి మా షీటులో గడి లేదు.